అతికించిన తేదీ

తెనాలి,
9 జూలై 2024, మంగళవారం.

ప్రియమైన పర్వీన్‌కి,

ఈ రోజు పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు బకెట్ల బట్టలు, కందిపప్పు ఎండబెట్టి డబ్బాకెత్తడం, గ్యాసు బండ మార్చి దాని మీద తేదీ రాయడం, ముందు గదిలో బూజు దులపడం, వీధి కిటికీ అద్దం పగలగొట్టడం. మొత్తం ఆరు. చివరిది పొద్దున రాసుకున్న జాబితాలో లేదు.

కంగారు పడి ఫోను చెయ్యకు. మెసేజీ అసలే పెట్టకు. నీ వాట్సాప్ అంతా మీ అద్దాల కొట్లో కంప్యూటరు మీద తెరుచుకుని ఉంటుంది. మీ ఆయన వజీర్ అన్నయ్య నోట్లో నువ్వు గింజ నానదు. ఆయనకు తెలిస్తే మా ఆయనకు తెలుస్తుంది, మా ఆయనకు తెలిస్తే వాళ్ళమ్మకు తెలుస్తుంది. అందుకని మన పాత పద్ధతే మంచిది. మా వీధి చంద్రకళ టీచరు రోజూ రైల్లో రేపల్లె బడికి వస్తుంది కదా, ఆవిడ టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో ఈ ఉత్తరం పెడుతున్నాను. పైగిన్నెలో గోంగూర ఉంది, అది నీకు కాదు.

జరిగింది ఇది. అత్తయ్య కంటి ఆపరేషనుకని బాపట్లలో మా మరిది జీవన్ కుమార్ ఇంటికి వెళ్ళి పది రోజులైంది. ఆవిడ లేరు కదా అని వాకిట్లో తల ఎత్తున బట్టల తాడు కట్టి, రోజూ సాయంత్రం అరగంట రబ్బరు రింగు విసురుతున్నాను. ఇటు నుంచి విసిరి, తాడు కింద దూరి, అటు పరుగెత్తి నేనే పట్టుకోవాలి. యాభై రెండేళ్ళ మనిషి అలా పరుగెడితే ఎలా ఉంటుందో ఊహించుకో, నవ్వకు. ఈ రోజు ముప్పై ఏడు విసిరాను, ముప్పై ఆరు పట్టాను. ముప్పై ఏడోది కిటికీ పట్టింది.

ఆ అద్దం నీకు తెలుసు. మా మామగారు ఎజ్రాగారు ఇల్లు కట్టినప్పుడు మీ మామగారి కొట్లోనే చెక్కించిన పాల అద్దం. వెలుతురు వస్తుంది కాని అవతలివేవీ కనపడవు. మధ్యలో ఎదురెదురుగా రెండు పావురాలు. ఇప్పుడు ఎడమ పావురం కాళ్ళ కింద మూడంగుళాల ముక్క ఊడిపోయింది. అక్కడి నుంచి పగులు రెండు పావురాల మధ్యగా పై మూల దాకా పాకింది. వాటికి పడనట్టు కనిపిస్తోంది.

అత్తయ్య తిడతారని కాదు నా బాధ. పోయిన ఏడాది రింగు వెంట పరుగెత్తి పంపు దగ్గర జారి నేను మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు ఆరు వారాలూ వండింది ఆవిడే. శుక్లాలు ముసిరిన కళ్ళతో గిన్నెలు తడుముకుంటూ వండారు. ఒకరోజు తాలింపు నూనెలో మోచెయ్యి కాల్చుకున్నారు. ఆ మచ్చ చూసి నేనే మాటిచ్చాను, ఇక ఎగరను, దూకను, రింగు ముట్టనని. ఇంతలో బాపట్లలో మన హాస్టలు పాత విద్యార్థినుల కలయిక అన్నారు, ఆగస్టు పదిహేనున యాభై దాటినవాళ్ళకు టెన్నికాయిట్ జంటల పోటీ అన్నారు, నువ్వు నన్నడక్కుండా నా పేరు ఇచ్చేశావు. అత్తయ్యకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అద్దం సంగతి తెలిస్తే రింగు సంగతి తెలుస్తుంది. రింగు సంగతి తెలిస్తే నేను మాట తప్పానని తెలుస్తుంది. ఇక నాకు ఆగస్టు పదిహేను ఉండదు.

నాకు ఆ ఆట కావాలి పర్వీన్. 1989లో వార్డెనమ్మ కిటికీ అద్దం పడగొట్టింది నా రింగు. నేనే మేడమ్ అని ముందుకొచ్చింది నువ్వు. నిన్ను ఫైనల్ ఆడనివ్వలేదు. నేను ఇంకో అమ్మాయితో ఆడి కప్పు తెచ్చుకున్నాను. ఏటా క్రిస్మస్‌కి నీకు ఒక డబ్బా గులాబీ పువ్వులు వేయించి పంపుతూనే ఉన్నాను, ఆ బాకీ తీరినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. నీతో కలిసి ఒక్క ఆట ఆడితే తీరుతుంది.

అద్దాల కొట్టు ఇంటిదానివి. ఇది ఆగస్టు పదిహేను దాకా నిలబడే ఉపాయం చెప్పు.

నీ
కుమారి


రేపల్లె,
11 జూలై.

ఒసేయ్ కుమారీ,

సలాం. నీ ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుతుంటే మా అమ్మాయి సుమయా వచ్చి, ఏంటమ్మీ అని అడిగింది. చంద్రకళ టీచరు గోంగూర బాగుందన్నాను. టీచరు గోంగూర చూపించు అంది. మా ఇంట్లో ఒక అబద్ధం నిలబెట్టాలంటే ఒక కూర వండాలి.

ఇప్పుడు చెప్పేది నీ లెక్కల పుస్తకంలో వరసగా రాసుకో. ముందు పొడిగుడ్డతో తుడువు. నీళ్ళు తగలనివ్వకు, పగులులో తడి ఉంటే ఏదీ అంటదు. వేలితో తడమకు. లోపలా బయటా పగులు పొడుగునా పారదర్శకంగా ఉండే టేపు అంటించు. దానికి ముందు రంగులేని గోళ్ళ పాలిష్ పగులు వెంట సన్నగా రాయి. ఆరాక మళ్ళీ రాయి. ఆరాక మళ్ళీ. మూడు పూతలు వేస్తే పగులు ముందుకు పాకదు, ఎదురుగా నిలబడితే తప్ప కనపడదు. సుమయా సీసా ఒకటి క్యారేజీలో పెడుతున్నాను. ఫెవిక్విక్ మాత్రం వద్దు, అది తెల్లగా పొగచూరి పగులుకి ముగ్గేసినట్టు చూపిస్తుంది.

ఊడిన ముక్క నుజ్జయిందా? అయితే ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి పెట్టు. వానకు తడవదు, గాలికి చిరగదు. నీ మణికట్టు ఎక్స్‌రే ఉంది కదా, నువ్వు పారేసి ఉండవు. నువ్వు టీకాల కార్డు కూడా పారెయ్యవు.

ఇంకొక్క మాట. మైదా ఉడికించి జిగురు చేద్దామని నీకు తోచవచ్చు. తోచనివ్వకు. చీమలు పడతాయి. ఒక్క పూటలో మొత్తం తినేస్తాయి. నాకెలా తెలుసని అడగకు.

ఇదంతా తాత్కాలికం సుమా. ఇవతల నేను మా మామగారి పాత డిజైన్ల కాగితాల్లో నీ పావురాలను వెతుకుతున్నాను. దొరికితే బాపట్ల గిరాకీ ఒకరు అడిగారని చెప్పి మా ఆయన చేతే చెక్కిస్తాను. ఆయన ఎవరి కోసం చేస్తున్నారో ఆయనకు తెలియకపోవడమే క్షేమం.

రింగు మానకు. ముప్పై ఏడుకి ముప్పై ఆరు అంటే 1989 కన్నా బాగా పడుతున్నావు. నేను డాబా మీద సాధన చేస్తున్నాను. మోకాలు కిర్రుమంటోంది, కాని తాళంలోనే అంటోంది.

నీ
పర్వీన్


తెనాలి,
20 జూలై, శనివారం.

ప్రియమైన పర్వీన్‌కి,

ఈ రోజు పనులు: మిరపకాయలు తొడిమలు తీయడం, దుప్పట్లు మూడు ఉతకడం, ఫ్రిజ్ కడగడం, మహిళా సమాజం మినిట్స్ రాయడం, హనుమయ్యకు ధైర్యం చెప్పడం. అయిదు. ఆఖరిదానికి ఎక్కువ సమయం పట్టింది.

గోళ్ళ పాలిష్ అద్భుతం. మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య గంటన్నర. పగులు ఉన్నచోటే ఆగింది, రెండు వానలు తట్టుకుంది. టేపు లోపలా బయటా ఒక్క బుడగ లేకుండా అంటించాను. వారం వారం పరీక్షించాలి కదా, గుర్తుండదని ఊరగాయ జాడీల మీద రాసినట్టే టేపు అంచున మార్కరుతో సన్నగా తేదీ వేస్తున్నాను. చీమల సంగతి నీకెలా తెలుసని అడగొద్దన్నావు. అడగను. రాసిపెట్టుకున్నాను.

ఎక్స్‌రే దగ్గర పొరపాటు జరిగింది. కత్తిరించేటప్పుడు మూడంగుళాల ముక్కే చూసుకున్నాను, అందులో ఏముందో చూసుకోలేదు. పగలంతా నల్లగా బాగానే ఉంది. దీపాలవేళ ముందు గదిలో ట్యూబులైటు వేశాను. అంతే, వీధిలోకి నా చేతి ఎముకలు కనపడ్డాయి. పావురం కాళ్ళ దగ్గర అయిదు వేళ్ళు, తెల్లగా, విప్పి.

ముందుగా చూసింది ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే హనుమయ్య. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదట. ఈ పూట బట్టలు ఇస్తూ నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, మీ కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారండి. చెయ్యి మంచిదేనండి. కండే లేదండి."

లోపలికి పిలిచి చూపించాను. నా చెయ్యేనని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాడు గాని, నా చేతికేసి చూడకుండానే డబ్బులు తీసుకుని వెళ్ళాడు. మా ఆయన మత్తయిగారి సంగతి నీకు తెలుసు, బడిలో గుమస్తా పని చేసి చేసి ఇంట్లో కాగితం తప్ప ఏదీ చూడరు. ఆయన కూడా ఈ చెయ్యి చూశారు. ఇక్కడ ఎక్స్‌రే ఎందుకుందని అడిగారు. వానాకాలం కదండి, కాస్త వెలుతురు తగలనిచ్చాను అన్నాను. నిజమే, బూజు పట్టేస్తుంది అన్నారు.

అసలు కబురు మిగిలింది. అత్తయ్య ఆపరేషను దివ్యంగా అయింది. ఫోనులో ఒకటే సంబరం. బాపట్ల పెరట్లో చీమల వరస కనపడుతోందట, జీవన్ కుమార్‌కి చెవి మీద తెల్ల వెంట్రుక ఉందట, క్యాలెండరులో తిథుల కింద చిన్నచ్చు కూడా చదివేస్తున్నారట. ఆగస్టు ఇరవైకి వస్తామన్నవారు, నా ఇల్లు నా కొత్త కళ్ళతో చూసుకోవాలి అని నాలుగో తేదీ ఆదివారమే వచ్చేస్తున్నారు.

పర్వీన్, నేను ఈ అతుకు వేసింది శుక్లాలున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని.

నీ
కుమారి


రేపల్లె,
22 జూలై.

కుమారీ,

ఆ ఎముకల చెయ్యి సంగతి చదివాక మిగతాది చదవడానికి నాకు అరగంట పట్టింది. నిన్ను మించిన అమాయకుడు మా అన్నయ్య మత్తయి. అల్లా ఆయన్ని అలాగే ఉంచాలి.

ఫిల్ము ఊడదీసి బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టు. పీచుతో మెల్లగా రుద్దితే నలుపూ ఎముకలూ మొత్తం పోయి గాజు ముక్కలా తేటగా వస్తుంది. మళ్ళీ పెట్టు. పాల అద్దం మధ్యలో తేట ముక్క కనపడుతుంది, నిజమే, కాని ఎముకల కన్నా నయం. దాని ముందు లోపలి వైపు ఒక మనీప్లాంటు సీసా పెట్టు.

అత్తయ్యగారు వస్తే ఏం చెప్పాలో ఆలోచించాను. కోతులంటే సరిపోతుంది. మొన్న వీచిన గాలి అన్నా సరిపోతుంది. నువ్వు అబద్ధం చెప్పనంటావని తెలుసు, ఎక్స్‌రేకి వెలుతురు తగలనిచ్చిన పుణ్యాత్మురాలివి. అయితే అడిగినదానికే జవాబు చెప్పు. అద్దం పగిలిందా అంటే పగిలింది. ఎప్పుడు అంటే వానలప్పుడు. ఎలా అంటే, ఏదో తగిలింది. అన్నీ నిజాలే. ఒక్కోదానికీ మధ్య కాఫీ ఇవ్వు.

పావురాలు దొరికాయి! మా మామగారి చేతిరాతతో ఎజ్రాగారి పేరు కూడా ఉంది. కాగితాల్లో తల దూర్చిన నన్ను మా ఆయన పట్టుకున్నారు. సుమయా ఎంబ్రాయిడరీకి అన్నాను. ఇప్పుడు సుమయా చేత నిజంగానే పావురాలు కుట్టిస్తున్నాను. అద్దం పదో తేదీకల్లా తయారవుతుంది.

నీ బాకీ మాట మళ్ళీ మళ్ళీ రాస్తున్నావు. దాని గురించి నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఉత్తరంలో వద్దు. ఆట అయ్యాక, నీ చేతిలో రింగు లేనప్పుడు చెప్తాను.

నీ
పర్వీన్


తెనాలి,
5 ఆగస్టు, సోమవారం.

పర్వీన్‌కి,

ఈ రోజు పనులు వంట ఒక్కటే. మిగతావి మనసు పెట్టి చెయ్యలేదు కనుక లెక్కలోకి రావు.

నిన్న ఆరాధన నుంచి మేం వచ్చేసరికి జీవన్ కుమార్ కారు గుమ్మంలో ఆగుతోంది. అత్తయ్య నల్లకళ్ళద్దాలతో దిగారు. నువ్వు చెప్పినవన్నీ చేసి ఉంచాను. ఫిల్ము తేటగా అయింది, మనీప్లాంటు సీసా పెట్టాను, కాఫీకి పాలు కాచి ఉంచాను. ఆవిడ గేటు దాటలేదు. అక్కడే నిలబడి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కిటికీకేసి చూశారు. తరువాత సువార్త చదివినంత స్పష్టంగా చదవడం మొదలుపెట్టారు.

"అతికించినది, పన్నెండు ఏడు. చూసినది, పందొమ్మిది ఏడు. ఫిల్ము మార్చినది, ఇరవై నాలుగు ఏడు. చూసినది, రెండు ఎనిమిది. బాగున్నది." ఆగి నావైపు తిరిగారు. "అమ్మాయ్, కిటికీకి ఏమైనా జబ్బు చేసిందా?"

నేను మూడు వారాలు జాగ్రత్తగా రాసిన తేదీలు పర్వీన్. ఆఖరున బాగున్నది అని కూడా రాశాను. కోతుల మాటా, గాలి మాటా నా నోటికి రాలేదు. అద్దం పగిలిందా అంటే పగిలిందన్నాను. ఏం తగిలిందంటే రింగు అన్నాను. కాఫీ ఇచ్చే వ్యవధి దొరకలేదు.

"ఎవరి రింగు?"

"నాదేనండి."

మా ఆయన అప్పుడే మొదటిసారి ఆ అద్దం చూసి, ఇది ఎప్పుడు పగిలింది అన్నారు. రాసే ఉంది కదా.

అత్తయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. లోపలికొచ్చి కూర్చుని మోచేతి మీద మచ్చను రెండో చేత్తో రాసుకున్నారు. కొత్త కళ్ళతో అదెలా ఉందో ఆవిడ కూడా మొదటిసారి చూస్తున్నట్టుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆగస్టు పదిహేను సంగతి నేనే చెప్పేశాను, దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నువ్వు మాటిచ్చింది నాకు. ఆ మాట ఉందో పోయిందో నువ్వే చెప్పు," అన్నారు. అప్పటి నుంచి ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆ అతుకు వైపే కూర్చుంటున్నారు. సీసా కూడా పక్కకు జరిపేశారు, నా తప్పు బాగా కనపడాలనేమో.

మాట ఉంది అని చెప్పాను. కనుక నేను ఆడను. నా బదులు ఇంకొకరిని చూసుకో. 1989లో నువ్వు నా అద్దం కోసం ఫైనల్ వదులుకున్నావు, ఇప్పుడు నేను నా అద్దం కోసం వదులుకుంటున్నాను. ఒకటికి ఒకటి. ఆ పద్దు ఇలా ముగుస్తుందని అనుకోలేదు, కాని సరిపోయింది.

కుమారి


రేపల్లె,
7 ఆగస్టు.

కుమారీ,

సరిపోలేదు. ఆ పద్దు కొట్టెయ్యకు. రింగు నీ చేతికి అందని చోట పెట్టి ఇది చదువు.

నువ్వు అద్దం పడగొట్టడానికి ముందు రోజు సాయంత్రం, వార్డెనమ్మ కిటికీ పక్కన జామచెట్టు ఉండేది గుర్తుందా? ఆ జామకాయ కోసం నేను రాయి విసిరాను. కాయ పడలేదు, అద్దం పడింది. మూడు ముక్కలు. వార్డెనమ్మ ఊళ్ళో లేరు. మెస్సులో వరమ్మ అని మీ అత్తగారి పేరే ఉన్న వంటావిడ ఉండేది కదా, ఆవిడ్ని బతిమాలి గుప్పెడు మైదా తెచ్చి ఉడికించి ముక్కలు అతికించాను. సందుల్లో నూనె రాసిన కాగితం పెట్టాను. దూరం నుంచి చూస్తే అద్దమే. పొద్దున్నే చూస్తే బారులు తీరి చీమలు. మధ్యాహ్నానికి జిగురంతా తినేశాయి. అద్దం అలవాటు కొద్దీ నిలబడి ఉంది అంతే. సాయంత్రం నీ రింగు వెళ్ళి దాని పక్క గోడకు తగిలింది. చీమ తుమ్మినా పడిపోయే అద్దం, ఆ అదురుకి పడిపోయింది.

నేనే మేడమ్ అన్నానంటే, నేనే కనుక అన్నాను. త్యాగం కాదు. చెబుదామని గదికొచ్చేసరికి నువ్వు ఏడుస్తూ నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశావు. తరువాత చెబుదామనుకున్నాను. క్రిస్మస్‌కి మొదటి డబ్బా వచ్చింది. నీ గులాబీ పువ్వులు నోట్లో వేసుకుంటే విరిగే తీరు నీకు తెలియదు, నువ్వు నిజం చెప్పే మనిషివి, నీకు అర్థం కాదు. వచ్చే ఏడాది చెబుదామనుకున్నాను. ముప్పై అయిదు డబ్బాలయ్యాయి.

నువ్వు నాకు ఏమీ బాకీ లేవు. బాకీ ఉన్నది నేను, నీకూ ఆ హాస్టలుకీ. ఇంకొకరితో నేను ఆడను. మీ అత్తగారికి ఇచ్చిన మాట ముందు నా మాట ఏపాటిది, కాని నాకోసం చేస్తున్నానని మాత్రం ఈ ఆట మానకు.

పావురాల అద్దం తయారైంది. ఎలా పంపమంటావో చెప్పు. తిట్టదలుచుకుంటే ఒక కాగితం చాలదు, రెండు తీసుకో.

పర్వీన్


తెనాలి,
9 ఆగస్టు.

అమ్మాయి పర్వీన్‌కు వరమ్మ దీవించి రాయునది.

నువ్వు మొన్న రాసిన ఉత్తరం నేను చదివాను. కవరు మీద నా పేరు లేదు, నిజమే. మా కోడలు బజారుకు వెళ్ళినప్పుడు చంద్రకళ టీచరు క్యారేజీ నా చేతికిచ్చింది. ఎనిమిదేళ్ళుగా అక్షరం కనపడని దాన్ని. ఇప్పుడు సబ్బు కాగితం కూడా వదలడం లేదు, అంత పెద్ద కవరు ఎలా వదులుతాను? చదివి అన్నం మెతుకులతో మళ్ళీ అంటించి క్యారేజీలో పెట్టాను. దానికి చెప్పకు.

ముప్పై అయిదేళ్ళు ఒక పిల్ల చేతి పిండివంట తిన్నావు. సరే, తిన్న నోటితో ఒప్పుకున్నావు. ఆ మాట నాకు నచ్చింది.

ఇప్పుడు నా సంగతి. నేను కోపంతో కిటికీ దగ్గర కూర్చుంటున్నానని మా కోడలు అనుకుంటోంది. ఈ ఇల్లు కట్టినప్పుడు వీధి కనపడే సాదా అద్దం పెట్టించమని నేను అడిగాను. మా ఆయన మీ మామగారి కొట్టుకి వెళ్ళి పావురాలు చెక్కించుకొచ్చారు. మంచి ఉద్దేశంతోనే తెచ్చారు, ఏమనను? నలభై ఏళ్ళు ఆ పావురాల వెనక కూర్చున్నాను. వీధిలో అరుపు వినపడితే ఎవరని అడగాలి, ఊరేగింపు వెళితే ఏంటని అడగాలి. మొన్న ఇంటికొచ్చి చూస్తే, నా కోడలు ఎముకలు కడిగి పెట్టిన మూడంగుళాల ముక్కలోంచి వీధి మొత్తం కనపడింది. హనుమయ్య నిప్పులు విసరడం చూశాను. ఎదురింటావిడ పూలు బేరం చేసి కొనకుండా పంపడం చూశాను. కళ్ళ ఆపరేషను బాపట్లలో చేశారు, ఈ కిటికీకి మాత్రం నా కోడలు చేసింది. తేదీలతో సహా.

కనుక పావురాలు వద్దు. సాదా అద్దం పంపు. మీ ఆయన్ని పంపి బిగించమను.

మాట సంగతి. అది నాకు మాటిచ్చింది. ఉందని కూడా చెప్పింది. ఇచ్చిన మాట పుచ్చుకున్న మనిషే తిరిగి ఇచ్చెయ్యాలి గదా, రేపు పొద్దున ఇచ్చేస్తాను. ఒక షరతు. ఎగిరే పనులు నువ్వు చెయ్యి, పట్టుకునే పనులు అది చేస్తుంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఇన్నాళ్ళూ అది ఎలా విసురుతుందో నేను చూడనేలేదు.

వరమ్మ


బాపట్ల,
16 ఆగస్టు 2024, శుక్రవారం.

ప్రియమైన పర్వీన్‌కి,

ఈ రోజు పనులు: మరిది ఇంట్లో పదిమందికి ఉప్మా, అత్తయ్య కళ్ళలో చుక్కల మందు నాలుగు సార్లు, నా మోకాళ్ళకి కాపడం రెండు సార్లు, ఒక కిటికీ. ఈసారి కిటికీ జాబితాలో ముందే రాసుకున్నాను.

నువ్వూ అన్నయ్యా నిన్న సాయంత్రమే రేపల్లె వెళ్ళిపోయారు కనుక మిగిలిన కథ నీకు తెలియదు. ఫైనల్లో ఇరవై ఇరవై మీద ఉండగా మన రింగు గీత మీద పడిందని రిఫరీ మనకిస్తుంటే, ముందు వరసలోంచి లేచి, "బయట పడిందమ్మా, వేలెడు బయట, నేను చూశాను," అన్నది ఎవరో నీకు తెలుసు. ఆ పాయింటూ తరువాతిదీ పోయి మనం ఓడిపోయిందీ తెలుసు. రాత్రి అన్నం దగ్గర నేనేమీ అనకుండానే అత్తయ్య, కనపడితే చెప్పొద్దూ అన్నారు. తెనాలిలో సాదా అద్దం బిగించిన దగ్గర నుంచి ఆవిడకు కనపడనిది లేదు. చంద్రకళ టీచరు ఇప్పుడు క్యారేజీని కొంగు కింద దాచుకుని వెళ్తోంది.

నీ ఏడో తేదీ కవరు సంగతి కూడా చెప్పాలి. నువ్వు ఎప్పుడూ గమ్ వాడతావు. అది అన్నం మెతుకుతో అంటించి ఉంది, సోనామసూరి. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. రాసిపెట్టుకున్నాను.

ఆ ఉత్తరం చదివిన రోజు నీ మీద కోపం వచ్చింది. గంటా పది నిమిషాలు ఉంది. తరువాత, ముప్పై అయిదేళ్ళుగా నా నెత్తిన ఉన్న రింగు నేలకు దిగినట్టు అనిపించింది. పద్దు పుస్తకం తీసి గులాబీ పువ్వుల పేజీ అడ్డంగా కొట్టేశాను. ఈ క్రిస్మస్‌కీ డబ్బా వస్తుంది. అది బాకీ కింద కాదు, విరిగే తీరు నీకు నచ్చిందన్నావు కనుక.

ఇక కిటికీ. నిన్న ఆట విరామంలో నువ్వూ నేనూ వార్డెను గది వైపు వెళ్ళి చూశాం కదా. జామచెట్టు లేదు. అదే కిటికీ, అదే చోట అద్దానికి బదులు అట్టముక్క. వాన నీళ్ళకు ఉబ్బి ఉంది. వెళ్ళేటప్పుడు, బాపట్ల గిరాకీదని అన్నయ్యతో చెప్పి తెచ్చిన, దుప్పట్లో చుట్టిన పావురాల అద్దాన్ని జీవన్ కుమార్ వరండాలో ఆనించి, ఎవరికైనా పనికొస్తుందేమో అని గొణిగావు.

పొద్దున్నే తీసుకెళ్ళాను. ఇప్పటి వార్డెను దీవెన అని చిన్నమ్మాయి. తను వచ్చి రెండేళ్ళయిందట, అప్పటికే అట్టముక్క ఉందట, ఎవరు పగలగొట్టారో తెలియదంది. మేం మాత్రం కాదమ్మా అన్నాను, ఈసారి నిజంగానే. అద్దం రెండంగుళాలు పొడుగైంది. ఇక్కడి కొట్లో కోయిస్తే కుడి పావురం తోక పోయింది. లప్పం పూసి, చెక్క బద్దలు బిగించి, వెనక్కి వచ్చి చూశాను. పిల్లలు నలుగురు వచ్చి అబ్బ బాగుంది ఆంటీ అన్నారు. తోక గురించి ఎవరూ అడగలేదు.

అలవాటు కొద్దీ సంచిలోంచి మార్కరు తీశాను. తీసి, మళ్ళీ లోపల పెట్టబోయాను. అత్తయ్య పక్కనే నిలబడి చూస్తున్నారు.

"రాయి అమ్మాయ్," అన్నారు. "చిన్నగా రాసినా పర్వాలేదు."

బద్ద మీద లోపలి అంచున రాశాను. నీ దగ్గర కూడా నకలు ఉండాలి కనుక ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

1989 నాటి బాకీ, అద్దం ఒకటి. 16-8-2024న ముట్టింది, పావురాలు రెండు, తోక ఒకటి. చెల్లు.

కుమారి